ముడత లేని మేజోడు

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. మా కళాశాల తరపున జిల్లా స్థాయి పద్యపఠన పోటీకి ఒక విద్యార్థినిని తీసుకొని వెళ్ళాను. పల్లెటూరి పిల్ల. పోతన భాగవతంలోని పద్యాలు ఇరవై దాకా కంఠస్థం. శ్రావ్యమైన గొంతు, ఉచ్చారణలో దోషం లేదు, అర్థం తెలిసి, రసం తెలిసి చదివేది. నెల రోజులపాటు సాయంత్రం పూట కూర్చోబెట్టి, యతిస్థానం వద్ద ఎట్లా నిలపాలి, సమాసాన్ని ఎక్కడ విరవగూడదు, అన్నీ చెప్పాను. బహుమతి మాదేనని నిశ్చింతగా ముందు వరుసలో కూర్చున్నాను.

ఆమె వేదిక ఎక్కింది. అంతకు ముందు చదివి వెళ్ళిన కుర్రవాడు పొడగరి. మైకు ఆమె నుదుటి ఎత్తున నిలిచి ఉన్నది. దానిని దించుకోవచ్చునని ఆమెకు తెలియదు. తల పైకెత్తి మొదలు పెట్టింది. తన గొంతే అంత పెద్దదై సభామండపంలో నాలుగు మూలల నుంచి తనకే వినవచ్చేసరికి బెదిరిపోయింది. మూడవ పద్యం, రెండవ పాదంలో ఆగిపోయింది. మరి ముందుకు సాగలేదు.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, ఆ అమ్మాయి "తప్పయిపోయింది మాస్టారూ" అన్నది. తప్పు ఎవరిదో నాకు అప్పటికే తెలుసు. నెల రోజులు పద్యం నేర్పినవాణ్ణి ఒక్క పూట ఆమెను మైకు ముందు నిలబెట్టి చదివించలేదు. ఆ మాట పైకి చెప్పే ధైర్యం మాత్రం నాకు ఆనాడు చాలలేదు. "ఫరవాలేదులేమ్మా" అని ఊరుకున్నాను.

మరచిపోయాననుకొన్న ఈ సంగతి తిరిగి నా కళ్ళముందుకు వచ్చిన చోటు విచిత్రమైనది. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా మేనల్లుడి ఇంట్లో, ఒక శనివారం మధ్యాహ్నం, టెలివిజను ముందు. వాడు తమ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాడు. నేను ఏనాడూ బంతి ముట్టినవాణ్ణి కాను. అయినా కొంతసేపటికి ఆటను వదిలిపెట్టి, ఆ ఆట నేర్పేవారి సంగతి మీద నాకు ఆసక్తి పుట్టింది. తరువాత కొన్నాళ్ళు ఆ విషయమే చదివాను. ఉపాధ్యాయ మిత్రులతోనూ, విద్యార్థులతోనూ పంచుకోదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా ఆ ఆట ఎట్టిదో రెండు మాటలు. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను వారు సాకర్ అంటారు. వారు ఫుట్‌బాల్ అనేదానిలో కాలికంటే చేతికి పని ఎక్కువ. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొనలూ సూదిగా, కొబ్బరికాయను తలపిస్తుంది. నూరు గజాల మైదానం. ఒక్కొక్క వైపు పదకొండుగురు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు సాగితే మరి నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి; సాగకపోతే బంతి ఎదుటివారి పరమవుతుంది. ఆవలి గీత దాటించితే ఆరు పాయింట్లు. దానిని టచ్‌డౌన్ అంటారు. అంతదూరం పోలేనప్పుడు గోలు కర్రల నడుమ నుంచి బంతిని తన్నితే మూడు పాయింట్లు. ప్రతి ప్రయత్నమూ కొద్ది సెకండ్లలో ముగుస్తుంది, ఆట ఆగుతుంది, ఉభయులూ తిరిగి బారులు తీరుతారు. దాడికి ఒక పటాలం, రక్షణకు మరొక పటాలం, బంతి తన్నే సందర్భాలకు ఇంకొక పటాలం ఉంటాయి. ఈ చివరి మాటను చదువరులు గుర్తుంచుకోవాలి.

ఈ ఆట పుట్టింది కళాశాలల్లోనే. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు ఆడిన పందెంతో దాని చరిత్ర మొదలవుతుంది. నేడు ఆ విద్యార్థుల ఆట చూడడానికి లక్ష మందికి పైగా పట్టే క్రీడాస్థలాలు కొన్ని విశ్వవిద్యాలయాలకు ఉన్నవి. బలమూ వేగమూ గల కుర్రవాళ్ళకు ఆ దేశంలో కొదవలేదు. పేరుమోసిన జట్లన్నీ బలిష్ఠులనే ఏరుకొంటాయి. అట్లాంటప్పుడు మంచి జట్టుకూ గొప్ప జట్టుకూ తేడా ఎక్కడ వస్తున్నది? నేను చదివినంతలో, చూచినంతలో, ఆ తేడా పెద్ద విషయాల్లో లేదు. వేలెడంత విషయాల్లో ఉన్నది. శిక్షకుడు దేనిని నేర్పదగిన విషయమని ఎంచాడు, దేనిని "వాడికే తెలుస్తుందిలే" అని వదిలిపెట్టాడు అనేదానిలో ఉన్నది.

మా మేనల్లుడు నాకు మొట్టమొదట చూపించింది ఒక పాత ఆట. "మామయ్యా, ఒక్క సెకండు ఎంత ఖరీదు చేస్తుందో చూడు" అని వేశాడు.

2013 నవంబరు 30వ తేదీ. అలబామా రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాలు, అలబామా, ఆబర్న్, తలపడినవి. అలబామా జట్టు అంతకు ముందు రెండేళ్ళూ వరుసగా జాతీయ విజేత. ఆ ఏడు అప్పటివరకు ఓటమి ఎరుగదు. దాని శిక్షకుడు నిక్ సేబన్, తన వృత్తిజీవితంలో మొత్తం ఏడుమార్లు జాతీయ విజేత జట్టును తీర్చిదిద్ది, 2024 జనవరిలో విశ్రాంతి తీసుకొన్నవాడు. చిన్న విషయాల పట్ల ఆయనకున్న పట్టుదల అమెరికాలో సామెత వంటిది. ఆట చివరకు ఉభయులకూ ఇరవై ఎనిమిదేసి పాయింట్లు. గడియారం ఆగిపోయింది. ఇంకా ఒక సెకండు మిగిలి ఉండాలని అలబామావారు పట్టుబట్టారు. న్యాయనిర్ణేతలు చిత్రాన్ని తిరిగి పరిశీలించి ఆ సెకండును గడియారంలో తిరిగి పెట్టారు. ఆ ఒక్క సెకండులో 57 గజాల దూరం నుంచి గోలు కర్రల మీదుగా బంతి తన్నించి గెలవాలని సేబన్ తలపోశాడు.

బంతి చాలలేదు. గోలు కర్రలకు ఇవతలే దిగివచ్చింది. సాధారణంగా అక్కడితో కథ ముగియాలి. కాని ఆబర్న్‌వారు అటువంటి తన్ను చాలకపోవచ్చునని ముందే ఊహించి, బంతి అందుకొని పరుగెత్తడంలో ఆరితేరిన క్రిస్ డేవిస్ అనే ఆటగాణ్ణి చిట్టచివర గోలు కర్రల క్రింద నిలిపి ఉంచారు. అతడు బంతిని పట్టుకొని పరుగు లంకించుకొన్నాడు. మైదానంలో అలబామా తరపున ఉన్నదెవరు? బంతి తన్నే పటాలం. ఎదుటివారిని తోసి అడ్డుకోవడానికి ఏరిన స్థూలకాయులు. నిలిచి గోడ కట్టడం వారి పని. తరిమి పట్టుకోవడం వారికి అలవాటు లేనిది. డేవిస్ ఎడమ అంచున మైదానం ఆసాంతం పరుగెత్తి ఆవలి గీత దాటాడు. 34-28. అడిగి తెచ్చుకొన్న ఆ ఒక్క సెకండే అలబామాను ఓడించింది.

అలబామావారికి ఆ చిక్కు తెలియదని అనలేము. తెలియడం వేరు, ఆ తెలివి ఆ క్షణాన మైదానంలో తగిన కాళ్ళ మీద నిలిచి ఉండడం వేరు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు మన పెద్దలు. ఆ ఒక్క సెకండు చిన్న పాము. ఆబర్న్‌వారు దానికి పెద్ద కర్ర సిద్ధం చేసుకొన్నారు, అలబామావారు చేసుకోలేదు. నాకు ఆ క్షణంలో మా అమ్మాయి నుదుటి ఎత్తున ఉన్న మైకు గుర్తుకు వచ్చింది.

అయితే కథలో రెండవ అంకం ఉన్నది. ఆనాడు ఆ బంతి తన్నిన కుర్రవాడి పేరు ఆడమ్ గ్రిఫిత్. పోలండు దేశంలో పుట్టి, బాల్యంలో అనాథాశ్రమంలో ఉండి, అమెరికా కుటుంబానికి దత్తుడై వచ్చినవాడు. లక్షలాది ప్రేక్షకుల కళ్ళ ముందు తన్నిన తన్ను చాలక, దాని ఫలితంగా ఓటమి సంభవిస్తే ఆ వయసు పిల్లవాడి మనసు ఎట్లా ఉంటుందో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

రెండేళ్ళు గడిచినవి. 2016 జనవరి 11వ తేదీన అరిజోనా రాష్ట్రంలో జాతీయ విజేతను నిర్ణయించే పందెం. అలబామాకు ఎదురు క్లెమ్సన్ విశ్వవిద్యాలయం. చివరి భాగంలో పది నిమిషాలకు పైగా మిగిలి ఉండగా 24-24. ఆట నియమం ప్రకారం పాయింట్లు సంపాదించిన జట్టు తరువాత బంతిని ఎదుటివారి వైపు తన్నాలి. దూరంగా తన్నడం పరిపాటి. కాని బంతి పది గజాలు దాటితే తన్నినవారే దానిని పట్టుకోవచ్చునని కూడా నియమంలో ఉన్నది. క్లెమ్సన్ ఆటగాళ్ళు తన్ను అందుకొనేటప్పుడు ఒక పక్కకు దగ్గరగా జరిగి నిలుస్తున్నారనీ, రెండవ పక్క చోటు ఖాళీగా ఉంటున్నదనీ అలబామా శిక్షకులు గమనించి ఉన్నారు. ఆ ఖాళీలోకి బంతిని మెల్లగా, ఎత్తుగా తన్నడం ముందే సాధన చేయించి ఉంచారు. సేబన్ సైగ చేశాడు. గ్రిఫిత్ దూరంగా తన్నేవాడివలె పరుగెత్తి వచ్చి, బంతిని పక్కకు చిమ్మాడు. అది ఆ ఖాళీ చోట దిగేవేళకు అలబామా ఆటగాడు మార్లన్ హంఫ్రీ అక్కడికి చేరుకొని భుజం మీదుగా అందుకొన్నాడు. ఎన్నడూ నవ్వని సేబన్ ముఖాన చిరునవ్వు మొలవడం దేశమంతా చూసింది. మరి కొద్ది క్షణాల్లో అలబామా టచ్‌డౌన్ సాధించింది. ఆట 45-40తో గెలిచింది.

నన్ను కదిలించింది ఆ ఎత్తుగడ కాదు. అదే కుర్రవాణ్ణి, అదే కాలితో, అంతకంటే పెద్ద పందెంలో, అంతకంటే సున్నితమైన పనికి ఆ శిక్షకుడు నమ్మడం. ఆ నమ్మకం "నీవు చేయగలవు" అన్న మాటల వల్ల వచ్చింది కాదు. సాధనలో చేసి చూపిన పని వల్ల వచ్చింది. పిల్లవాడి ధైర్యం గురించి మనం ఎంతో మాట్లాడతాము. ధైర్యం చాలావరకు అలవాటుకు మరో పేరు. మైకును ఒక్కసారి చేత్తో దించి చూచిన పిల్లకు అది భయపెట్టే వస్తువు కాదు.

చిన్న విషయం కోసం సమయం వెచ్చించడం ఈనాటి వింత కాదు. ఈ ఆట పాత చరిత్రలోనే దీనికి చక్కని నిదర్శనం ఉన్నది. మొదట్లో బంతిని ముందుకు విసరడం నిషిద్ధం. ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోవడమే ఆటగా ఉండేది. ఏటా విద్యార్థుల ప్రాణాలు పోతూ ఉండేవి. 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా కల్పించుకొని సంస్కరణ కోరవలసి వచ్చింది. 1906లో బంతిని ముందుకు విసరవచ్చునని నియమం మారింది. నియమం అందరికీ మారింది. కాని చాలా జట్లు ఆ విద్యను ఆపద్ధర్మంగా మాత్రమే వాడుకొనేవి.

1913 వేసవిలో నోటర్‌డేమ్ విద్యార్థులు ఇద్దరు, నూట్ రాక్నీ, గస్ డొరేస్, ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న సీడర్ పాయింట్ అనే విహారస్థలంలో సెలవు ఉద్యోగం చేశారు. పని లేని వేళల్లో ఇసుకలో ఒకడు విసరడం, ఒకడు పట్టడం. ఆ కాలంలో బంతిని నిలబడి, రొమ్ముకు హత్తుకొని పట్టేవారు. రాక్నీ పరుగెత్తుతూ, వేళ్ళు బిగించక, చేతులతో మెత్తగా పట్టడం అలవరచుకొన్నాడు. ఎంత చిన్న విషయం! వేళ్ళు బిగియడమూ, బిగియకపోవడమూ. ఆ ఏడు నవంబరు 1వ తేదీన వెస్ట్‌పాయింట్‌లో ప్రఖ్యాతమైన సైనిక విద్యాలయపు జట్టుతో తలపడి, బంతి విసురుతో వారిని తికమకపెట్టి, నోటర్‌డేమ్ 35-13తో గెలిచింది. బంతి విసరడం ఆ ఇద్దరే కనిపెట్టారని కథలుగా చెప్పుకొంటారు. అది నిజం కాదు; వారికి ముందు మరికొందరు విసిరి ఉన్నారు. నియమం అందరిదీ, ఆ వేసవి మాత్రం వారిది.

ఆ రాక్నీ పట్టభద్రుడై అదే విద్యాసంస్థలో రసాయనశాస్త్రం బోధిస్తూ ఆటకు సహాయ శిక్షకుడయ్యాడు. పిమ్మట 1918 నుంచి 1930 వరకు ప్రధాన శిక్షకుడుగా ఉండి 105 ఆటలు గెలిపించాడు. ఓడినవి పన్నెండు మాత్రమే. ఆయన ఒక్కడే కాదు, అమెరికాలో కీర్తి గడించిన శిక్షకులు కొందరు మొదట తరగతి గదిలో సుద్దముక్క పట్టినవారే. విన్స్ లాంబార్డీ ఉన్నత పాఠశాలలో లాటిను, రసాయనం, భౌతికశాస్త్రం చెప్పాడు. ఇది కాకతాళీయమని నేననుకోను.

ఇక సేబన్ సంగతి. చిన్న విషయాల మీద దృష్టి నిలపడం ఆయనకు జన్మతః అబ్బిన గుణమో కాదో గాని, దానిని ఒక పద్ధతిగా మార్చుకొన్నది 1998లో. అప్పుడాయన మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. ఆ ఏడు ఆటలు అంతంత మాత్రం. తరువాతి పందెం దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్‌తో. అదే విశ్వవిద్యాలయంలో మనోవైద్యశాస్త్రం బోధించే లయొనెల్ రోజెన్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. ఒక్కొక్క ప్రయత్నం సుమారు ఏడు సెకండ్లపాటు సాగుతుంది. గెలుపు ఓటములను మరిచిపొండి. ఎదురుగా ఉన్న ఏడు సెకండ్లలో మీ పని మీరు చేయండి. అది ముగియగానే దానిని వదిలి తరువాతి ఏడు సెకండ్లకు రండి. ఇదీ ఆ సలహా సారాంశం. నవంబరు 7వ తేదీన ఆ జట్టు ఒక దశలో 24-9 వెనుకబడి కూడా, చివరకు 28-24తో గెలిచింది. గణవిభజన చేసే విద్యార్థికి ఈ మాట సులభంగా బోధపడుతుంది. నాలుగు పాదాల పద్యాన్ని ఒక్కసారిగా ఎవరూ కట్టలేరు. ఈ గణం సరిపోయిందా, ఈ యతి కుదిరిందా అని చూచుకొంటూ పోతే పద్యం తానే నిలుస్తుంది. ఒక లఘువు ఎక్కువైతే ఉత్పలమాల ఉత్పలమాల కాదు గదా!

కళాశాల ఆటల శిక్షకుల్లో ఈ గుణానికి పరాకాష్ఠ అనదగినవాడు మరొక ఆటలో ఉన్నాడు. జాన్ వుడెన్. ఆయన నేర్పినది ఫుట్‌బాల్ కాదు, బాస్కెట్‌బాల్. మొదట ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టుకు 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్ళలో పదిమార్లు జాతీయ విజయం తెచ్చిపెట్టాడు. దేశంలో మేటి ఆటగాళ్ళు ఆయన వద్దకు చేరేవారు. అంతటివారికి మొదటి రోజున ఆయన చెప్పే మొదటి పాఠం ఏమిటో ఊహించండి. మేజోళ్ళు తొడుక్కోవడం!

కూర్చోబెట్టి, మేజోడును వేళ్ళ కొనల నుంచి మడమ దాకా ఎట్లా లాగాలి, చిటికెనవేలి వద్ద, మడమ వద్ద ముడత లేకుండా ఎట్లా సవరించాలి, బూటు తాడు ఒక్కొక్క కన్నం వద్ద ఎట్లా బిగించాలి అని చూపించేవాడు. ముడత ఉంటే రాపిడి. రాపిడి ఉంటే పొక్కు. పొక్కు లేస్తే సాధన తప్పుతుంది. సాధన తప్పితే పందెంలో అడుగు తడబడుతుంది. ఇదీ ఆయన తర్కం. ఇందులో తత్త్వం ఏమీ లేదు. పిల్లవాడి పాదం మీద దృష్టి ఉన్నది. అంతే.

1974-75 సంవత్సరంలో రొనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్త్వ పరిశోధకులు ఆయన సాధన తరగతులు పదిహేనింటికి వెళ్ళి, ఆయన నోట వచ్చిన బోధనకు సంబంధించిన మాటలనూ చేష్టలనూ ఒక్కొక్కటే నమోదు చేశారు. మొత్తం 2,326 తేలినవి. వారు పెద్ద పెద్ద ఉపన్యాసాలు వింటామనుకొన్నారు కాబోలు. అట్లాంటివి లేవు. నూటికి దాదాపు డెబ్బై అయిదు పాళ్ళు కేవలం సమాచారం: ఏమి చేయాలి, ఎట్లా చేయాలి. మెచ్చుకోళ్ళు నూటికి ఏడు పాళ్ళకు లోపు. చీవాట్లు కూడా అంతే. తప్పు కనిపించగానే ఆపి, ఒప్పును చేసి చూపి, తప్పును అనుకరించి చూపి, మళ్ళీ ఒప్పును చూపేవాడు. ఇదంతా కొద్ది సెకండ్లలో. ప్రతి సాధననూ నిమిషాల లెక్కన చిన్న చీటీ మీద ముందే వ్రాసుకొని వచ్చేవాడు.

ఈ అంకెలు చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను. నా తరగతిలో "బాగుంది", "బాగా లేదు", "ఇంకా శ్రద్ధ పెట్టు" అన్న మాటలు తీసివేస్తే ఏమి మిగులుతుంది? "శ్రద్ధ పెట్టు" అన్నది బోధన కాదు. ఎక్కడ, ఎట్లా పెట్టాలో చెప్పినప్పుడే అది బోధన. వ్యాసపుస్తకం మీద ఎర్రసిరాతో గీత గీసి "అన్వయం చెడింది" అని వ్రాస్తాము. కర్త ఎక్కడ తప్పిపోయిందో, క్రియను ఎక్కడికి జరిపితే వాక్యం కుదురుతుందో ఒక్క వాక్యమైనా తిరగవ్రాసి చూపుతున్నామా?

ఇటువంటివారు పరదేశంలోనే ఉన్నారని చదువరులు భావించనక్కరలేదు. మనం ఫుట్‌బాల్ అనే ఆటలో భారతదేశపు స్వర్ణయుగాన్ని నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులే. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడే ఆయన క్యాన్సరు వ్యాధితో కన్నుమూశాడు. హైదరాబాదు కుర్రవాళ్ళకు ఆయన వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాలి వద్దనే ఆడిస్తూ పోవడం నిషిద్ధం. వెంటనే అందించి తీరాలి. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం గలవాడికి ఎడమకాలు అవసరమయ్యే క్షణం ఏడాదికి ఒకటి రావచ్చు. ఆ ఒక్క క్షణం కోసం ఏడాది పొడుగునా ఎడమకాలికి పాఠం చెప్పేవాడే గురువు.

ఇంతవరకు చెప్పినదంతా గెలుపు గురించి. అంతటితో ఆపితే సత్యంలో సగమే చెప్పినవాణ్ణవుతాను.

2018 మే 29వ తేదీన మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ జట్టు పరుగుల సాధన చేస్తున్నది. పందొమ్మిదేళ్ళ విద్యార్థి ఒకడు వడదెబ్బ లక్షణాలతో కుప్పకూలాడు. శ్రమ వల్ల కలిగే వడదెబ్బకు చేయవలసిన మొదటి చికిత్స వైద్యశాస్త్రంలో స్థిరపడినదే: రోగిని వెంటనే చన్నీటి తొట్టిలో ముంచి ఒంటి వేడి దించాలి, ఆస్పత్రికి తరలించడం ఆ తరువాత. వేడి త్వరగా దిగితే దాదాపు అందరూ బ్రతుకుతారు. ఆనాడు ఆ పని జరగలేదు. లక్షణాలు గుర్తించడంలోనూ, సహాయం పిలవడంలోనూ ఆలస్యం జరిగిందని పిమ్మట విచారణలో తేలింది. రెండు వారాల తరువాత, జూన్ 13వ తేదీన, ఆ పిల్లవాడు మరణించాడు. న్యాయపరంగానూ, ధర్మపరంగానూ బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఆగస్టులో బహిరంగంగా అంగీకరించాడు. ప్రధాన శిక్షకుణ్ణి అక్టోబరు చివర తొలగించారు.

ఒక తొట్టి. కొంత మంచు. చన్నీళ్ళు. అమెరికా విశ్వవిద్యాలయాల ఆటస్థలాలు ఎంతటి సంపన్నమైనవో చూచినవారికి ఇది ఎంత చిన్న వివరమో తెలుస్తుంది. ఆటగాడు ఎన్ని సెకండ్లలో ఎన్ని గజాలు పరుగెత్తాడో వ్రాసుకొనే కన్ను, వాడి అడుగు తడబడుతున్నదని చూడలేకపోతే ఆ కన్ను దేనికి? కాబట్టి చిన్న విషయాల మీద శ్రద్ధ అన్నది రెండంచుల కత్తి. అది పాయింట్ల పట్టికనే చూస్తూ ఉంటే పిల్లవాణ్ణి యంత్రంగా మారుస్తుంది. పిల్లవాడిని చూస్తూ ఉంటే మాత్రమే దానికి శిక్షణ అనే పేరు తగుతుంది. వుడెన్ మేజోడు పాఠంలో నాకు కనిపించే గొప్పతనం ఇదే. ముడత సవరించడం గెలుపు కోసమే కావచ్చు. కాని సవరించినప్పుడు ఆయన చెయ్యి పిల్లవాడి నొప్పి ఎక్కడ పుడుతుందో అక్కడ ఉన్నది. మంచి జట్టును తయారు చేయడానికి ఆట తెలిస్తే చాలు. గొప్ప జట్టుకు పాదం తెలియాలి.

ఇక నా సంగతి. అమెరికా నుంచి తిరిగి వచ్చిన తరువాత నా పాఠాల్లో పెద్ద మార్పు వచ్చిందని చెప్పుకోలేను. ఒక్క చిన్న అలవాటు మాత్రం చేసికొన్నాను. పోటీకి ఎవరిని తీసుకొని వెళ్ళినా, ఒక పూట ముందుగా వెళతాము. ఖాళీ సభామండపంలో వారిని వేదిక ఎక్కిస్తాను. మైకు మర ఎట్లా వదులు చేయాలో, ఎంత దించాలో, నోటికి ఎంత దూరాన ఉంచాలో వారి చేతనే చేయిస్తాను. తమ గొంతు పెద్దదై తిరిగి తమకే వినిపించేదాకా రెండు పద్యాలు చదివిస్తాను. మొదట బెదురుతారు. రెండవ పద్యానికి నవ్వుతారు.

బహుమతులు కొన్ని వచ్చినవి, కొన్ని రాలేదు. కాని బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఇంతవరకు ఏ పిల్లా "తప్పయిపోయింది మాస్టారూ" అనలేదు. ఇరవై ఏళ్ళ క్రిందటి ఆ అమ్మాయి ఈనాడు ఎక్కడో ఒక బడిలో పాఠాలు చెబుతున్నదని విన్నాను. ఈ పత్రిక ఆమె కంటబడితే ఆనాడు బస్సులో చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను: తప్పు నాదమ్మా. నీ తరగతిలో పొట్టివాళ్ళు ఎవరైనా ఉంటే, వేదిక ఎక్కే ముందు మైకు కాస్త దించు.